ఇల్లు నేర్చుకున్న యంత్రం

గూఢచారి శాఖలో అందరూ దొర అని పిలిచే కొరియర్ తన ఇంటి గేటు ముందే చనిపోయాడు. హెల్మెట్ తీయడానికి రెండు చేతులూ ఎత్తి ఉన్నాడు. పిస్టల్‌కు సైలెన్సర్ ఉంది కాబట్టి చప్పుడు కాలేదు. మోటార్ సైకిల్ ఇంజన్ ఇంకా తిరుగుతూనే ఉంది. హ్యాండిల్ మీద కొత్తగా బిగించిన జీపీఎస్ సెట్ తియ్యని ఆడగొంతుతో "మీరు ఇంటికి చేరుకున్నారు" అంది. లోపల కూరగాయలు తరుగుతున్న భార్య ఆ మాట విని, చేతులు తుడుచుకుంటూ తలుపు తీయడానికి లేచింది.

మర్నాడు పొద్దున్నే చీఫ్ మౌనిని పిలిపించాడు.

మౌనిదీ అదే ఉద్యోగం. రహస్య సందేశాలనూ, ఒక్కోసారి మనుషులనూ బండి మీద క్షేమంగా చేర్చడం. అవసరానికి మించి ఒక్క మాట మాట్లాడడని ఆ పేరు వచ్చింది.

చీఫ్ గదిలో కర్టెన్లు మూసి ఉన్నాయి. బల్ల మీది టీ ముట్టకుండానే చల్లారిపోయింది. విదేశీ ముఠా తమ కొరియర్ల వాసన పట్టిందని చీఫ్ చెప్పాడు. ఆ ముఠా నుంచి పారిపోయి వచ్చిన ఇంజనీరు రేపు ఉదయం విచారణ కమిటీ ముందు నిలబడాలి. శాఖ మనిషి ఒకరు ముఠాకు అమ్ముడుపోవడం అతను కళ్లారా చూశాడు. అది ఎవరో కమిటీ ముందు తప్ప చెప్పనన్నాడు. మనుషుల్ని దాచే సేఫ్ హౌస్‌లన్నీ బయటపడ్డాయి కనుక, అతన్ని ఎక్కడ దాస్తావో నాకు కూడా చెప్పకు అని చీఫే లోగడ మౌనికి అప్పగించాడు.

"మనిషి క్షేమమేనా?"

"క్షేమం సార్."

"రేపటి దాకా అలాగే ఉండాలి. ఇంకో సంగతి. అందరూ కొత్త జీపీఎస్‌కు మారారు, నువ్వొక్కడివే మిగిలావు. ఇంకా ఎన్నాళ్లయ్యా ట్రయల్? సాయంత్రంలోగా తేల్చు."

మౌని హ్యాండిల్ మీద కొన్నాళ్లుగా రెండు సెట్లున్నాయి. ఎడమవైపు పాతది. బటన్లు అరిగిపోయాయి, అద్దం మీద గీతలు పడ్డాయి. అది ఉపగ్రహాలు చెప్పింది వింటుంది, తాను ఎవరికీ ఏమీ చెప్పదు. కుడివైపు కొత్తది. తడి గ్లవుతో తాకినా పలుకుతుంది. ముందు ట్రాఫిక్ ఆగితే ముందే చెప్పి పక్కదారి చూపిస్తుంది. లోపల సొంత సిమ్ కార్డు ఉంది.

పాతదాన్ని వదలాలంటే మౌనికి కారణం వెతుక్కోనక్కర్లేదు. కిందటి వానాకాలం అది కుండపోతలో బిగుసుకుపోయింది. రైలెక్కబోతున్న సహచరుణ్ణి ఆపమని హెచ్చరిక అందుకుని వెళుతూ, మౌని దారి తప్పాడు. స్టేషన్ చేరేసరికి రైలు కదిలింది. కిటికీలోంచి ఒక చెయ్యి ఊగింది. సహచరుడికి విషయం తెలియదు కాబట్టి నవ్వుతూనే ఊపాడు. ఆ చెయ్యి మళ్లీ ఎవరికీ కనిపించలేదు. అప్పటినుంచి ఎవరైనా చెయ్యి ఊపితే మౌని తల తిప్పుకుంటాడు.

కొత్త సెట్లను ఎంచి తెచ్చింది కాటుక. అది ఆమె కోడ్ నేమ్. ముఠాలో మనిషిగా మెలుగుతూ వాళ్ల గుట్టు మోసుకొచ్చే డబుల్ ఏజెంట్ అని శాఖ నమ్మకం. గ్రీజు గుడ్డలు వేలాడే శాఖ బళ్ల షెడ్‌లోకి ముత్యాల కమ్మలు పెట్టుకుని, ఖరీదైన అత్తరు వాసనతో వచ్చి, తన చేత్తోనే స్క్రూలు బిగించింది. ఒకప్పుడు ఇంట్లోవాళ్లకు తెలియకుండానే ఆమె, మౌని పెళ్లి దాకా వచ్చి ఆగిపోయారు.

"ఆ ముసలిదాన్ని ఇంకా వదల్లేదా?" అందామె ఆ రోజు.

"వదలాలి."

"వదలడం నీకెప్పుడూ చేతకాదు."

చీఫ్ గదిలోంచి బయటికి వస్తూనే మౌని తేల్చేసుకున్నాడు. పాతది అప్పగించేయాలి. దానికి ముందు దొర ఇంటికి వెళ్లి రావాలనుకున్నాడు.

దొర భార్య ఏడవడం లేదు. అది ఇంకా భయంగా ఉంది. సగం తరిగిన కూరగాయలు పళ్లెంలో అలాగే వాడిపోయాయి. మౌని వెళ్లొస్తానని లేవబోతుంటే ఆమె ఆపింది.

"అన్నయ్యా, నాకొకటి అర్థం కావడం లేదు. మీరెవరూ ఆ జీపీఎస్ మిషన్‌లో సొంత ఇల్లు పెట్టుకోరు కదా? మా ఆయన కూడా పెట్రోల్ బంకునే ఇల్లని పెట్టుకున్నారు. రోజూ అక్కడే అది 'ఇంటికి చేరుకున్నారు' అనేదట. నిన్న మన గేటు దగ్గర ఎందుకంది?"

అది కొరియర్ల కట్టుబాటు. బండి శత్రువు చేతిలో పడినా ఇంటివాళ్ల జోలికి రాకుండా, ప్రతివాడూ దూరంగా ఉన్న ఏదో ఒక చోటును ఇల్లని నమోదు చేసుకుంటాడు. దొర ఆ కట్టుబాటు తప్పలేదు. మౌనీ తప్పలేదు.

అతను గబగబా బండి దగ్గరికి వెళ్లి కొత్త సెట్ వెలిగించాడు. "ఇంటికి వెళదామా?" అని దానంతటదే అడిగింది. నీలి గీత వీధులు దాటుకుంటూ పోయి అతను అక్కతో కలిసి ఉంటున్న ఇంటి సందులో ఆగింది.

అతను దానికి ఎన్నడూ చెప్పలేదు. రోజూ రాత్రి బండి ఎక్కడ నిద్రపోతుందో చూసి అది నేర్చుకుంది. నేర్చుకున్నది ఇంకెవరికో చేరవేసింది. కొరియర్లందరూ నోరు మూసుకున్నారు కానీ, బండిని దాచుకోలేదు. ముఠా ఒక్కో కొరియర్ ఇల్లూ గాలిస్తోంది. దొర ఇంట్లో ఇంజనీరు లేడు. గాలించడానికి వచ్చినవాళ్లకు గేటు దగ్గరే దొర ఎదురుపడ్డాడు, అంతే.

ఇంజనీరు ఉన్నది అక్క మేడ మీది గదిలో.

మౌని ఫోన్ చేశాడు. అవతల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది.

"మీ ఆఫీసు అమ్మాయి వచ్చిందిరా, నీ కోసం. ఎంత చక్కగా ఉందో, చెవులకు ముత్యాల కమ్మలూ అవీ." అక్క గొంతు కాస్త తగ్గింది. "చేతిసంచి మాత్రం ఒళ్లోంచి దించడం లేదు."

వచ్చింది కాటుకేనని మౌనికి అర్థమైంది.

"మోకాళ్ల నొప్పి ఎలా ఉందక్కా?"

అక్కకు మోకాళ్ల నొప్పి లేదు. ప్రమాదం వచ్చిందని చెప్పడానికి వాళ్లిద్దరూ పెట్టుకున్న మాట అది. తగ్గిందంటే మనిషిని పంపేశానని అర్థం.

"మెట్లు ఎక్కలేకపోతున్నాను" అంది అక్క. పైవాణ్ణి తప్పించే వీలు లేదన్నమాట.

తను బయలుదేరితే ఆ సంగతి కాటుక ఫోన్‌లో చుక్కై కదులుతుంది. వస్తున్నాడని తెలిస్తే ఆమె ఆగదు. వీధి చివర దూరప్రాంతపు బస్సొకటి కదలడానికి సిద్ధంగా ఉంది. మౌని కొత్త సెట్ ఊడబీకి, బస్సు వెనక నిచ్చెనకు కట్టేశాడు. దానికి సొంత బ్యాటరీ ఉంది. బస్సు కదిలింది. అతను బండిని ఇరుకు సందుల్లోకి తిప్పాడు.

అక్క ముందుగదిలో కాటుక ఫోన్ చూసుకుని తేలిగ్గా నవ్వింది. చుక్క ఊరు దాటుతోంది. ఇక తొందరపడక్కర్లేదు. సంచిలోంచి లిప్‌స్టిక్ తీసి అడుగు తిప్పింది. రంగుకు బదులు సన్నటి విషపు సూది పైకి లేచింది.

"పైనున్నాయన్ని కిందికి పిలవండి అక్కా."

"ఈ కుట్టు పూర్తి కానీ తల్లీ" అంది అక్క. ఆమె పాదం పెడల్ మీంచి లేవలేదు. "ఎవరిదో పెళ్లిగౌను, మధ్యలో వదిలితే దారం జారుతుంది."

కుట్టు చివరికొచ్చింది. అక్క బట్టను అటు తిప్పి మళ్లీ మొదలుపెట్టింది. కాటుక లేచి ఆమె జడ పక్కకు తప్పించి, సూది మెడ దగ్గర పెట్టి, తానే పైకి కేకేసింది. మెట్ల మీద ఇంజనీరు అడుగులు వినిపించాయి.

పెరటి తలుపు లోంచి వచ్చిన చెయ్యి కాటుక మణికట్టు పట్టుకుంది. వెంట్రుకవాసిలో సూది దారి తప్పి, గౌను గుడ్డలో దిగబడింది. గుడ్డ మీద పసుపు మరక చుట్టూ పాకింది.

కాటుక ఫోన్ వంకా మౌని వంకా చూసింది. "నువ్వు ఊరు దాటావు కదా."

"బస్సు దాటింది."

మెట్ల మీద ఆగిపోయిన ఇంజనీరు వేలెత్తి చూపాడు. "ఈమే."

శాఖ జీపు వచ్చి ఆమెను తీసుకెళ్లింది. ఆమె వెనక్కి చూడలేదు. జీపు మలుపు తిరిగేదాకా మౌని చూస్తూనే ఉన్నాడు.

మర్నాడు కమిటీ ముందు ఇంజనీరు చెప్పాల్సిందంతా చెప్పాడు. చీఫ్ కొత్త సెట్లన్నీ వెనక్కి తెప్పించాడు. పాతదే ఉంచుకుంటావా, మరి వానొస్తే ఎలా అని మౌనిని అడిగాడు. తొడుగు కుట్టిస్తానన్నాడు మౌని.

శత్రువుకు తెలిసిపోయిన ఇంట్లో అక్క ఇక ఉండకూడదు. ఇన్నేళ్ల ఇంటికి తాళం వేస్తూ ఆమె గొళ్లెం మీద చెయ్యి కాసేపు ఉంచింది. ఊరి చివర, సిమెంటు వాసన పోని కొత్త కాలనీలో కుట్టుమిషన్ దించారు.

ఆ సాయంత్రం గుమ్మం ముందు బండి ఆపితే అక్క వచ్చి పాత సెట్‌లోకి తొంగి చూసింది. తెరంతా ఖాళీ. మధ్యలో బాణం గుర్తొక్కటే నిలబడి ఉంది.

"మన ఇల్లేదిరా ఇందులో?"

"లేదక్కా. ఈ మ్యాపులో ఇక్కడ ఏమీ లేదు. అందుకే నిన్ను ఇక్కడికి తెచ్చాను."

అక్క ఆ ఖాళీని తృప్తిగా చూసి, అంతలోనే నిట్టూర్చింది.

"బాగానే ఉంది. నీకు సంబంధం తెచ్చేవాళ్లకి కూడా ఇంక దారి దొరకదు."