నట్టలు ఊకె వస్తున్నయ్

"మీరు నిజంగా కుందేలు కోసమే వస్తున్నారా?"

సూర్యాపేటలోని తన పశువుల క్లినిక్‌లో డాక్టర్ జ్యోత్స్న ఆ ముక్క అడిగేసరికి శ్రీహరి చేతిలోని కుందేలు బుట్టను గబుక్కున బల్ల మీద పెట్టేశాడు. మాడుగులపల్లిలో రెండు కోళ్ల షెడ్లు ఒంటిచేత్తో నడిపే మొనగాడు, ఈ అమ్మాయి కళ్లెత్తి చూస్తే మాత్రం సొంత పేరు మరిచిపోతాడు పాపం!

"అదేంది మేడమ్, గట్లంటరు?"

"మూడు నెలల్లో ఇది మూడోసారి. మందిస్తే తగ్గుతుంది. నెల తిరక్కుండా పెంటికల్లో మళ్లీ తెల్లదారాల్లాంటి నట్టలు. మీరు మందు వెయ్యట్లేదు. పైగా పక్కనే మిర్యాలగూడ పెట్టుకుని ఇంతదూరం ఎందుకండీ?"

"కుందేలును మీ లెక్క పట్టుకునేటోళ్లు ఏడున్నరు మేడమ్?"

అది అబద్ధం కాదు. శ్రీహరి వాళ్లమ్మ ఆండాలు 'ముత్తెం' అని ముద్దుగా పిలుచుకునే ఆ తెల్ల కుందేలు, ఎవరు పట్టుకున్నా తన్నేది, గీరేది. జ్యోత్స్న ఒక చెయ్యి రొమ్ము కింద, ఒక చెయ్యి వెనక కాళ్ల కింద వేసి గుండెకు ఆనించుకుంటే మాత్రం బుద్ధిగా కళ్లు మూసుకునేది. ఒక చిన్న ప్రాణిని అంత మర్యాదగా పట్టుకోవడం శ్రీహరి ఇన్నేళ్లలో ఎక్కడా చూడలేదు. చూసిన రోజే మనసు పారేసుకున్నాడు.

"పొగడ్తలు చాలు. బాగా చిక్కిపోయింది ఇది. ఇంకా ఇలాగే తిరగబెడుతూ ఉంటే బతకదు. నన్ను చూడ్డానికి దీన్ని చంపుకోకండి."

ఆ మాట శ్రీహరికి సూటిగా తగిలింది. బస్సులో దారి పొడవునా బుట్టను ఒళ్లోనే పట్టుకుని కూర్చున్నాడు. ఇష్టపడ్డ మనిషి తనను అబద్ధాలకోరు అనుకుంటోంది. ముత్తెం పోతే ఆమె దృష్టిలో ఆ మాటే ఖాయమైపోతుంది.

గడియారం చూసి మరీ మందు వేశాడు. ఇరవై రోజులు బాగానే ఉంది. ఇరవై ఒకటో రోజు పొద్దున్నే ఆండాలు గావుకేక పెట్టింది.

"ఓరి శ్రీహరీ! మళ్లొచ్చినయ్‌రా! ఇది గడ్డి గూడ ముడ్తలేదు!"

షెడ్డు ముందు ట్రాక్టర్ డుబడుబలాడుతుంటే, ఆ చప్పుడులోనే శ్రీహరి ఫోన్ చేశాడు.

"మేడమ్, మా అమ్మ మీద ఒట్టు! మందు టైముకే ఏసిన. అయినా నట్టలు ఊకె వస్తున్నయ్!"

మాటిమాటికీ వస్తున్నాయని అతని గోడు. జ్యోత్స్నది ఆంధ్ర సరిహద్దులోని కోదాడ, ఈ 'ఊకె' ఆమె చెవికి కొత్త. అందులోనూ ట్రాక్టర్ మోత. ఆమెకు వినిపించింది వేరు.

"ఊకకా? ఊకకు వస్తున్నాయా? దాని పెట్టెలో ఊక పోస్తున్నారా మీరు?"

"పోస్తున్న మేడమ్, మిర్యాలగూడ మిల్లుది. గని నేనన్నది గది కాదు..."

"ఎన్నాళ్లకోసారి తీసేస్తారు?"

"తీసుడెందుకు? కోళ్ల షెడ్డుల తీస్తమా? బ్యాచ్ అయ్యేదాంక తిరగేస్కుంట, మీదికెల్లి కొత్తది పోసుడే."

జ్యోత్స్న అప్పటికే బ్యాగు భుజాన వేసుకుంది.

"శ్రీహరి గారూ, ఆ పెట్టె ముట్టుకోకండి. నేను వస్తున్నా."

మధ్యాహ్నానికల్లా బస్సు దిగింది. దిగగానే వాన, అదీ ఆమె కోసమే కాచుకున్నట్టు! శ్రీహరి గొడుగు పట్టుకుని పరుగెత్తాడు గానీ, ఆమె అప్పటికే నిలువునా తడిసి నవ్వుతోంది. ఆ నవ్వు చూసి గొడుగు మూసేశాడు, ఎందుకో అతనికే తెలీదు.

షెడ్డు చూరు కింద ఉన్న పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుని జ్యోత్స్న ఊకలోకి చెయ్యి దూర్చింది. పైన బంగారంలా పొడి ఊక. అడుగున నల్లగా, చెమ్మగా, నెలల తరబడి పేరుకున్న పెంటికలతో పాత ఊక.

"చూశారా? నట్టల గుడ్లన్నీ ఇక్కడే ఉన్నాయి. మందుకు కడుపులోవి పోతాయి. ఇది నోరు పెట్టగానే మళ్లీ లోపలికి! కోళ్ల పద్ధతి కుందేలుకు పనికిరాదండీ."

శ్రీహరి మొహం వాడిపోయింది. "అంటే నా చేతుల్తోనే దీన్ని ఖతం చేస్తున్ననా?"

"మీ ఒక్కరి తప్పే కాదు. మూడుసార్లు మందు రాశాను, కింద ఏం పోస్తున్నారని ఒక్కసారీ అడగలేదు. పైగా మిమ్మల్ని నానా మాటలన్నాను. నన్ను క్షమించండి."

బురదలో కూర్చుని, చేతినిండా పెంటికలతో, ఒక డాక్టరు తనకు క్షమాపణ చెబుతోంది. తప్పు ఒప్పుకోవడం కూడా ఇంత అందంగా ఉంటుందా అనిపించింది శ్రీహరికి.

వాన వెలిశాక ఇద్దరూ కలిసి పాత ఊకంతా తీసి కాల్చేశారు. సలసల కాగే నీళ్లతో పెట్టె కడిగారు. ఇక ప్రతిరోజూ పెట్టె ఖాళీ చేసి ఆరబెట్టే పని శ్రీహరిదే. రెండు వారాలకు రెండో డోసు పడింది. ముత్తెం గడ్డి కరకరలాడించడం మొదలెట్టింది. క్లినిక్‌లో పరీక్షలూ అయ్యాయి. ఒక సోమవారం చూసి, "ఇంకోసారి చూడాలి, వచ్చే సోమవారం రండి" అంది జ్యోత్స్న.

ఆ సోమవారం శ్రీహరి కుందేలుతో హాజరు. ముత్తెం కోలుకుంటోందన్న సంతోషం ఒక పక్క, ఇకముందు రావడానికి సాకుండదన్న బెంగ ఒక పక్క. క్లినిక్‌లో సాయంగా ఉండే పెద్దాయన లక్ష్మీనర్సయ్య వాళ్లను చూసి నోరెళ్లబెట్టాడు.

"మల్లెందుకొచ్చిండ్రు సార్? పోయిన సోమారమే ఒక్క నట్ట గుడ్డు గూడ లేదని మేడమ్ రాసిచ్చె గద!"

జ్యోత్స్న చెవులు ఎర్రబడ్డాయి. లక్ష్మీనర్సయ్య ఆమె మొహం చూసి, నెమ్మదిగా చీపురు పట్టుకుని బయటికి నడిచాడు.

"బాగైతే మరి 'ఇంకోసారి చూడాలి, రండి' అన్నరు గద మేడమ్?"

"అన్నాను. కుందేలునే చూడాలని అన్నానా?"

శ్రీహరికి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అయ్యాక మాత్రం ఆగలేదు.

"మొదటి దినం సంది మీరంటే పాణం నాకు. ముత్తెం బాగైతే మిమ్మల్ని సూసుడుండదని తెల్సు. అయినా బాగవ్వాలనే మొక్కిన."

"తెలుసు. రోజూ పెట్టె కడిగి ఫోటో పంపారుగా," అంది జ్యోత్స్న తడిబారిన కళ్లతో.

"అమ్మను తోల్కొని కోదాడకు రానా? మీ ఇంటికి?"

"ఆదివారం రండి. ముత్తెంను కూడా తీసుకురండి. నాన్నకు సగం చెప్పేశాను."

"ఏ సగం?"

"కుందేలు సంగతి. మిగతా సగం మీరు చెప్పుకోండి."