అంటుకోని దురద

ఈ దురద తనకు నాన్న నుంచి అంటుకుందా, లేక నాన్న అన్నట్టు పూర్వజన్మ పాపమా? ఏజెంట్ మౌనిని చిన్నప్పటి నుంచి వదలని సందేహం అది. రోజూ దేవుడికి దండం పెట్టుకునే మనిషే. అయినా పాలు తాగే పిల్లాడు ఏం పాపం చేసుంటాడని ఆ దేవుణ్నే అడగాలనిపించేది.

తండ్రీ కొడుకులిద్దరి కాళ్ల మీదా అలల్లాంటి నల్లటి గట్టి చారలు. నాన్న చేతికి తువ్వాలు చుట్టుకుని అతని వీపు రుద్దేవాడు. "ఇప్పుడు నా వంతు నాన్నా" అంటే, "వద్దురా, నీకింకా ఎక్కువవుతుంది" అని దూరం జరిగేవాడు. ఆ వంతు అలాగే ఉండిపోయింది. దూరంగా ఉండడం మౌనికి అలవాటైంది. ఈ ఉద్యోగంలో అదే పనికొచ్చింది.

"ఈ మిషన్‌కి మేకప్ ఖర్చు మిగిలిందోయ్. పేషెంట్ వేషం నీకు పుట్టుకతోనే ఉంది," అన్నాడు చీఫ్.

"నవ్వమంటారా సార్?"

"విన్నాక నవ్వు. మన ల్యాబ్‌లో డాక్టరమ్మ మీ దురదను ఆపే మందు కనిపెట్టింది. విదేశీ ముఠా దాన్ని తిరగేసి, దురద పుట్టించేలా మార్చి జనం మీద చల్లాలని చూస్తోంది. ముఠాలో ఉన్న మన డబుల్ ఏజెంట్ 'వెన్నెల' ల్యాబ్‌కొచ్చి, శాంపిల్ తీసుకుని భద్రంగా మన దగ్గరికి చేరుస్తుంది. ఆమెకూ ఇదే జబ్బట. నువ్వు పేషెంట్‌లా కూర్చుని కాపలా కాయాలి."

ల్యాబ్‌లో ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించడం లేదు. వెన్నెల వచ్చేలోగా మౌని తన సందేహం అడిగేశాడు.

"పాపమూ కాదు, అంటువ్యాధీ కాదు బాబూ," అంది డాక్టరమ్మ. "చర్మంలో కబుర్లు అందుకునే రిసెప్టర్ ఒకటుంటుంది. దాన్ని తయారుచేసే జన్యువులో ఒక్క అక్షరం మారింది. అమ్మ నుంచో నాన్న నుంచో అలాంటి కాపీ ఒక్కటొస్తే చాలు. ముట్టుకుంటే రాదు, పుట్టుకతో వస్తుంది."

మౌనికి నాన్న చేతికి చుట్టుకున్న తువ్వాలు గుర్తొచ్చింది.

తలుపు తెరుచుకుంది. పట్టుచీర, సెంటు వాసన, వెన్నెల.

"వాన పడేలా ఉందా?" అంది డాక్టరమ్మ.

"గొడుగు తెచ్చాను."

కోడ్ సరిపోయింది. డాక్టరమ్మ ఫ్రిజ్‌లోంచి సీసా తీసింది. వెన్నెల ముంజేయి గోక్కుంటూ నవ్వింది. "చిన్నప్పటి నుంచీ ఇంతేనండీ, రాత్రంతా గోక్కుంటూనే ఉంటా."

పొడవాటి ఎర్రటి గోళ్లు.

మౌని తన వేళ్లు చూసుకున్నాడు. కండ దాకా కత్తిరించిన గోళ్లు. వాళ్లింట్లో దేవుడి పటం పక్కనే నెయిల్ కట్టర్ ఉండేది. ఒక్క వారం మరిస్తే దుప్పట్లు రక్తమయ్యేవి.

సీసా చేతులు మారుతుండగా ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఆమె రెండో చేతిలోని లిప్‌స్టిక్ డాక్టరమ్మ వైపు తిరిగింది. ఆ చేతిని పైకి తోశాడు. టప్! తూటాకు సీలింగ్‌లో చిల్లు. జారిన సీసాను నేలకు జానెడు ఎత్తులో అందుకున్నాడు.

"ఎలా కనిపెట్టావ్?" అంది, బేడీలు పడ్డాక.

"గోళ్లు కత్తిరించుకుని రావాల్సింది మేడమ్."

సాయంత్రం నాన్న గదికి వెళ్లాడు. ఆయన వీపును తలుపు చెక్కకు ఆనించి రుద్దుకుంటున్నాడు. మౌని ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, బనియన్ పైకెత్తి, వట్టి అరచేయి ఆనించాడు.

"ఒరేయ్, తువ్వాలు!"

"ముట్టుకుంటే రాదు నాన్నా. నేను పుట్టకముందే ఇచ్చేశావు. ఇది పాపమూ కాదు. ఇప్పుడు నా వంతు."

నాన్న ముందుకు వంగి వీపు అప్పగించాడు. భుజాలు కదిలాయి. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"గూఢచారివి కదరా, చోటు కనిపెట్టలేవూ? ఇంకాస్త కిందకి."