మూడో కెమెరా కూడా చచ్చింది

ఫోటోగ్రాఫర్ వేషంలో వెళ్ళిన ఏజెంటు హోటల్ లిఫ్టులో శవమై దొరికాడు. కెమెరా మెడలో అలాగే వేలాడుతోంది. హంతకుడు దాన్ని ముట్టుకోలేదు. ముట్టుకోవలసిన అవసరం రాలేదు. బ్యాటరీ అప్పటికే చచ్చి ఉంది, లోపల ఒక్క ఫోటో లేదు.

"ఇది మూడోది," అన్నాడు పెద్దాయన ఆ కెమెరాని టేబుల్ మీద పెడుతూ. సీక్రెట్ సర్వీస్ చీఫ్‌ని అందరూ పెద్దాయన అనే అంటారు. "మూడు ఆపరేషన్లు, మూడు కెమెరాలు. బయల్దేరేటప్పుడు ఫుల్ ఛార్జి. షావుకారు ఎదురుపడేసరికి సున్నా."

ఎదురుగా నిలబడ్డ ఏజెంటుని డిపార్ట్‌మెంట్‌లో చిలక్కొయ్య అంటారు. పొడుగ్గా, సన్నగా ఉంటాడు. ఏ వేషం తగిలించినా కిమ్మనకుండా మోస్తాడు. షావుకారు అంటే రహస్యాలు కొనే విదేశీ ముఠా నాయకుడు. అతని ముఖం ఎలా ఉంటుందో ఇవతలి పక్షంలో ఒక్కరికీ తెలియదు.

"నేవీ సంకేతాలు విప్పే చిప్ మాయమైంది. రేపు పొద్దున పూల మార్కెట్ కోల్డ్ స్టోరేజిలో అది షావుకారు చేతికి వెళ్తుంది. అక్కడ కొనేవాళ్ళు వందలమంది. ముఖం తెలియకుండా గేటు దగ్గర ఎవర్ని ఆపను? ఫోటో కావాలి."

"తెస్తాను సార్."

"ఇంకో మాట. ఈ మూడు కెమెరాలూ రెడీ చేసి ఇచ్చింది ఒకే మనిషి."

చిలక్కొయ్యకి ఆ మనిషెవరో తెలుసు. టెక్నికల్ ల్యాబ్‌లో కెమెరాలు చూసేది సాక్షాత్తూ అతని బావమరిది, భార్యకి ఒక్కగానొక్క తమ్ముడు.

"రేపు కూడా కెమెరా చచ్చిందంటే మీ బావమరిది మీద దేశద్రోహం కేసు. పొద్దున్నుంచీ నా గదిలో, నా కళ్ళెదుట కూర్చుంటాడు. వెళ్ళి నీ కెమెరా తెచ్చుకో."

ల్యాబ్‌లో బావమరిది లెన్సు తుడుస్తున్నాడు. చిలక్కొయ్య అతని చేతులకేసే చూస్తూ నిలబడ్డాడు. తన పిల్లల విరిగిన బొమ్మలన్నీ బాగుచేసి పెట్టిన చేతులు. వాటిని దొంగచేతుల్లా కాపలా కాయాల్సి వచ్చినందుకు తన ఉద్యోగం మీద తనకే రోత పుట్టింది. అయినా చూపు తిప్పలేదు.

"బ్యాటరీని ఎక్కువగా తాగేసేది వెనకున్న తెర బావా," అన్నాడు బావమరిది. "అందుకే ఆపేస్తున్నా. నువ్వు ఈ కంతకి కన్ను ఆనించి చూసుకో. ఫ్లాష్ జోలికి పోకు, ఒక్క మెరుపుకే బోలెడు మింగుతుంది. జూమ్ ఊరికే ముందుకీ వెనక్కీ లాగకు. బటన్ సగం నొక్కి పట్టుకోకు, లోపల ఫోకస్ మోటారు తిరుగుతూనే ఉంటుంది. తీసిన ఫోటో తెర మీద చూసుకుని మురిసిపోకు, నీకా అలవాటుంది."

"వైర్‌లెస్?"

"ఇదిగో, నీ కళ్ళముందే ఆపాను. జీపీఎస్ కూడా. మనం వాడకపోయినా అవి చాటుగా పీలుస్తూనే ఉంటాయి."

"కోల్డ్ స్టోరేజిలో మరి?"

"చలికి బ్యాటరీ ముడుచుకుంటుంది. చావదు, చచ్చినట్టు పడుంటుంది. ఒంటికి ఆనించి వెచ్చబెడితే లేచి ఒకటో రెండో ఫోటోలిస్తుంది."

"ఇంకో బ్యాటరీ ఇవ్వు."

"నా బీరువాకి పెద్దాయన సీలు వేయించారు. ఉన్నది ఇదొక్కటే." బావమరిది తలెత్తాడు. "నువ్వు కూడా నన్ను అనుమానిస్తున్నావా బావా?"

చిలక్కొయ్య కెమెరా సంచిలో వేసుకున్నాడు.

మర్నాడు పొద్దున అతను పూల కేటలాగు ఫోటోగ్రాఫర్. అతికించుకున్న మీసం, మోకాళ్ళ దగ్గర మాసిన ప్యాంటు. మార్కెట్‌లో బకెట్లూ, బురదా, కేకలూ. కోల్డ్ స్టోరేజి తలుపు దగ్గర తెల్లకోటులో ఒకామె నిలబడి ఉంది.

"నీలం గులాబీలు దిగాయా?" అన్నాడు.

"దిగాయి, ముళ్ళు ఇంకా తీయలేదు," అంది. కోడ్ సరిపోయింది.

ఆమె పేరు అత్తరు. ఆమె వచ్చి వెళ్ళిన సంగతి గదికి గంటసేపు గుర్తుంటుంది. రెండేళ్ళ కిందట షావుకారు ముఠాని వదిలి ఇటు దూకిన డబుల్ ఏజెంటు. షావుకారు ముఖం మాత్రం తానూ ఎప్పుడూ చూడలేదంటుంది. ఆమె మీద పెద్దాయనకి గురి. చిలక్కొయ్యకి ఎవరి మీదా గురి లేదు. ఆ మాటకొస్తే అద్దంలో కనిపించే మనిషిని కూడా ఒకటికి రెండుసార్లు చూస్తాడు.

"ఆ దళసరి కోటు వేసుకోండి, లేకపోతే లోపల కొయ్యబారిపోతారు," అంది నవ్వుతూ. "కెమెరా నేను పట్టుకుంటాలెండి."

కోటు బొత్తాలు బిగుతుగా ఉన్నాయి. పెట్టుకుని, కెమెరా తీసుకుని లోపలికి నడిచాడు.

లోపల పైకప్పు దాకా పూలపెట్టెలు. నోరు తెరిస్తే ఆవిరి. కెమెరా తెర దేదీప్యమానంగా వెలుగుతోంది. బ్యాటరీ గుర్తు సగానికి దిగింది. ఇంకా ఒక్క ఫోటో తియ్యలేదు! పాత బ్యాటరీ అంటగట్టాడా వీడు? ఇన్నాళ్ళూ ఇంట్లో పెట్టుకుని పామునా పెంచింది?

మెనూ తెరిచాడు. వైర్‌లెస్ ఆన్. జీపీఎస్ ఆన్. తెర వెలుగు నూటికి నూరు. నిన్న తన కళ్ళముందే ఆపినవి. బావమరిది ఇప్పుడు పెద్దాయన గదిలో ఉన్నాడు. మరి కోటు బొత్తాలు పెట్టుకుంటున్నంతసేపూ కెమెరా ఎవరి చేతిలో ఉంది?

విరగ్గొట్టలేదు, దొంగిలించలేదు. సెట్టింగులు మార్చింది, అంతే. ఆ మూడు కెమెరాలకీ ఇదే చేసి ఉంటుంది. మిగతా పని చలి చూసుకుంటుంది, నింద బ్యాటరీ ఇచ్చినవాడి నెత్తిన పడుతుంది. చిలక్కొయ్యకి ముందు ప్రాణం లేచివచ్చింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఒక్కొక్కటీ ఆపుకుంటూ వచ్చాడు. ఆఖరిది ఆపేసరికి తెర ఒకసారి మినుక్కుమని నల్లబడింది, బటన్ నొక్కినా కెమెరా మళ్ళీ లేవలేదు.

"ఏమైంది?" అంది వెనకే వచ్చిన అత్తరు.

"చచ్చింది." నెత్తి కొట్టుకున్నాడు. "మా బావమరిది నా కొంప ముంచాడు."

"అయ్యో పాపం!" అంది. ఆమె కళ్ళలో మాత్రం జాలి లేదు, లిఫ్టులో చచ్చిన ఏజెంటులాగే ఇతనూ బయటపడడన్న ధీమా ఉంది. పక్క పెట్టెలోంచి ఒక ఎర్రగులాబీ తీసి కోటుకి గుచ్చుకుంది.

అది సిగ్నల్. ఆ చివర పెట్టెలు లెక్కపెడుతున్నట్టు నటిస్తున్న ఒక ముసుగు మనిషి ముందుకు కదిలాడు. ఆమె చాచిన చేతిలోంచి గోరంత చిప్ అందుకుని భూతద్దం తీశాడు. ముసుగులోంచి వచ్చే ఊపిరికి అద్దం మసకబారుతోంది. ఒకసారి తుడిచాడు, రెండోసారి తుడిచాడు.

చిలక్కొయ్య తుమ్ము వచ్చినట్టు పెట్టెల చాటుకి తప్పుకున్నాడు. బ్యాటరీ ఊడదీసి కోటు లోపల చంకలో ఇరికించుకున్నాడు. మంచుముక్క పెట్టుకున్నట్టు ఒళ్ళు జలదరించింది. ఎవరినీ నమ్మని మనిషి, ఇప్పుడు బావమరిది చెప్పిన ఒక్క మాటని నమ్ముకుని నిలబడ్డాడు. అది అబద్ధమైతే చిప్ పోతుంది, బావమరిదీ జైలుకి పోతాడు.

షావుకారు విసుక్కుని ముసుగు లాగేశాడు.

చిలక్కొయ్య బ్యాటరీ లోపలికి తోశాడు. తెర ఆపే ఉంది. కంతకి కన్ను ఆనించాడు. పచ్చచుక్క వెలిగింది. నొక్కాడు.

క్లిక్.

ఆ చిన్న చప్పుడుకే అత్తరు గిర్రున తిరిగింది. చేతిలో లిప్‌స్టిక్ అంత పిస్తోలు. "కెమెరా ఇలా ఇవ్వండి."

"తీసుకోండి," అని నిజంగానే ఇచ్చేశాడు. ఆమె అట్టే ఆలోచించకుండా తెర వెలిగించబోయింది. బ్యాటరీ ఆ కాస్త ప్రాణమూ విడిచింది. మెమరీ కార్డు గూడు తెరిచి చూస్తే ఖాళీ. ఆమె తలెత్తేలోపు చిలక్కొయ్య తోసిన పూలబండి వచ్చి మోకాళ్ళకి తగిలింది, ఇచ్చేముందే ఊడదీసి దాచుకున్న కార్డుతో అతను తలుపు దాటాడు.

గేటు అవతల డిపార్ట్‌మెంట్ వ్యాన్. కార్డు కంప్యూటర్‌లో పడింది. ముఖం తేటగా వచ్చింది, ముక్కు మీద పుట్టుమచ్చతో సహా. సరిగ్గా అదే ముక్కు గేటు దగ్గర కారులో కూర్చుని ఉంది. అడ్డుకర్ర అప్పటికే పైకి లేస్తోంది.

"దించు!" అని అరిచాడు చిలక్కొయ్య.

కర్ర కారు బానెట్ మీద పడింది. చిప్ షావుకారు జేబులో, అత్తరు కోల్డ్ స్టోరేజి తలుపు దగ్గర దొరికారు.

మధ్యాహ్నం పెద్దాయన లేచి నిలబడి బావమరిదికి క్షమాపణ చెప్పాడు. బావమరిది ఆ మాట విన్నాడో లేదో, కెమెరా అందుకుని బ్యాటరీ తీసి ఛార్జింగ్ పెట్టాడు.

"నిన్ను అనుమానించాను రా," అన్నాడు చిలక్కొయ్య. "తప్పయింది."

"తెలుసు బావా."

"పద, ఇంటికెళ్ళి భోంచేద్దాం."

"నువ్వు పద బావా," అన్నాడు బావమరిది, ఫోను తీస్తూ. "నేను అక్కకి జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పి, వెనకే వస్తా."

చిలక్కొయ్య పెద్దాయన వైపు తిరిగాడు.

"సార్, ఎక్కడైనా, ఎంత ప్రమాదమైనా పర్లేదు, ఇంకో ఆపరేషన్ ఉందా? ఇటునుంచి ఇటే బయల్దేరతాను."