పియానో గదిలో నిట్టూర్పు

మా వీధి చివర సంగీతం టీచరుగారి మేడ ఉంది. పై గదిలో పాత పియానో. చీకటి పడ్డాక ఆ గదికి వెళ్ళాలంటే గుండెలు తీసిన బంటైనా జంకుతాడు. తాళం వేసి ఉన్నా లోపల ఎవరో నిట్టూరుస్తారట. పేపరతను విన్నాడు. ఎదురింటి దర్జీ అయితే రెండుసార్లు విన్నానని ఒట్టేస్తాడు.

ఇది మా బావకి జరిగిన సంగతి. ఆయనకి బడాయి కొంచెం ఎక్కువ. అందుకని రూపాయికి పావలా తీసేసి చెబుతున్నాను.

బావది రికార్డింగ్ పని. టీచరుగారి కూతురు ఆయనతో పనిచేస్తుంది. తల్లిని తన ఫ్లాటుకి తీసుకెళ్ళిపోతోంది. నాలుగో అంతస్తు, ఇరుకు మెట్లు... పియానో ఎక్కదు. తెల్లారగానే పాత సామాన్లవాళ్ళు వచ్చి పట్టుకుపోతారు.

పోయినేడు భర్త పోయాక టీచరుగారు ఆ పై గదికి ఎక్కనే లేదు. "మనిషిని ఎలాగూ నిలుపుకోలేకపోయాను. ఆ పియానో గొంతైనా నాకు మిగల్చు బాబూ," అందావిడ బావతో.

ఎనభై ఎనిమిది కీలు. ఒక్కొక్కటీ మెల్లగా ఓసారి, గట్టిగా ఓసారి నొక్కి, మోత పూర్తిగా ఆరేదాకా రికార్డు చెయ్యాలి. ఆ ముక్కలన్నిటినీ ఒక ఉచిత సాఫ్ట్‌వేర్ చిన్న ఎలక్ట్రిక్ కీబోర్డుకి జతచేస్తుంది. అప్పుడు అది వాయిస్తే ఈ పియానోయే పలుకుతుంది. వీధిలో బళ్ళ రొద ఆగాకే ఆ పని. ఉన్నది ఒక్క రాత్రే.

చెక్క నేల కిర్రుమనకుండా బావ కాళ్ళు రెండూ స్టూలు మీదికి మడుచుకుని కూర్చున్నాడు. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. మొదటి కీ నొక్కి ఊపిరి బిగబట్టాడు.

మోత సన్నగిల్లింది... ఇంకా సన్నగిల్లింది... ఆరిపోయింది.

"హు...హ్."

తన ఊపిరేనేమో అనుకున్నాడు. ఈసారి ముక్కు మూసుకుని రెండో కీ నొక్కాడు.

"హు...హ్."

కిటికీ మూసే ఉంది. ఫ్యాను ఆపే ఉంది. మూడో కీ... నాలుగో కీ... ప్రతిదాని చివరా అదే! పదకొండో కీ అయ్యేసరికి బావకి ముచ్చెమటలు పోశాయి. "భయంతో కాదు, రికార్డింగ్ పాడవుతోందని" అంటాడు. ఇక్కడే ఆ పావలా తీసెయ్యాలి. భయపడ్డాడు. కానీ లేచిపోతే ఆవిడకి మిగిలేది ఏమీ లేదు.

చీకట్లోకి చేతులు జోడించి గుసగుసగా అన్నాడు — "ఎవరోగానీ... ఈ ఒక్క రాత్రీ ఊరుకోండి. ఆవిడ కోసం."

పన్నెండో కీ నొక్కాడు. మోత ఆరిపోయింది. ఆ తర్వాత... ఏమీ లేదు. చివరి కీ దాకా అంతే. మొదటి పదకొండూ మళ్ళీ చేద్దామనుకునేలోగా తెల్లారి, కింద సామాన్లవాళ్ళ బండి హారన్ మోగింది.

వారం తర్వాత ఫ్లాటులో ఆవిడ ముందు కీబోర్డు పెట్టాడు. ఆవిడ మొదటి కీ నొక్కింది. మోత ఆరింది. "హు...హ్."

బావ నాలుక కరుచుకున్నాడు. "ఆ రొద తీసేస్తానండీ. క్షణంలో పని."

"చెయ్యి పెట్టావంటే ఊరుకోను!" ఆవిడ నవ్వేసింది. "అది మా పియానో కింది పెడల్ బాబూ. తొక్కగానే తీగల మీది ఉన్ని దిమ్మలు లేచి అలా నిట్టూరుస్తాయి. వీధంతా దెయ్యమనుకున్నది దీన్నే."

బావ హమ్మయ్య అనుకున్నాడు. అంతలోనే గుర్తొచ్చింది.

"టీచరుగారూ... నా కాళ్ళు స్టూలు మీదున్నాయి. నేను పెడల్ తొక్కలేదు."

ఆవిడ వేళ్ళు కీల మీదే ఆగిపోయాయి. "నేనూ ఎన్నడూ తొక్కలేదు. నా కుడికాలు చిన్నప్పుడే చచ్చుబడింది. నేను వాయిస్తుంటే ఆయనే పక్కన నేల మీద కూర్చుని, చేత్తో నొక్కేవారు." చివరి కీ దాకా ఒక్కొక్కటే నొక్కి చూసి అడిగింది — "మరి మిగతా కీలకి లేదేం?"

"ఊరుకోమని... అడిగానండీ."

ఆవిడ కళ్ళు నిండాయి. ఆ వెంటనే ఉక్రోషం ముంచుకొచ్చింది. "నలభై ఏళ్ళు మొత్తుకున్నాను, ఊరికే నొక్కకండీ అని. ఒక్కనాడు విన్నారా? పరాయివాడు చెబితే మాత్రం వింటారు!"

ఆ పియానోని ఎవరైనా ఊరికే వాడుకునేలా బావ ఇంటర్నెట్‌లో పెట్టాడు. నిట్టూర్పు తీయలేదు. మొదటి కీల్లో ఆ రొద పోవాలంటే ఏం చెయ్యాలని ఎక్కడెక్కడివాళ్ళో రాస్తుంటారు. అందరికీ బావది ఒకటే జవాబు: "మర్యాదగా అడిగి చూడండి."

నిన్న ఒకాయన తిరిగి రాశాడు. అడిగాడట... ఆగిందట.