హర్గేసా సాక్షి

"పదింటికి కోర్టు. అరటిపండు ప్రాణాలతో బోనెక్కాలి. వాళ్ళు ఈ పొద్దుటే అటాక్ చేస్తారని ఇన్ఫర్మేషన్."

ఇయర్‌పీస్‌లో చీఫ్ నవోమి మాట ఆగిపోయింది. అరటిపండు అంటే వర్సమే అనే కల్నల్. అన్నంలో అరటిపండు నంజుకునే సోమాలీ ముసలాయనకి ఆవిడ పెట్టిన కోడ్ నేమ్ అది.

ప్లెయిన్స్‌బరో అపార్ట్‌మెంట్లలో సైలస్ అందరికీ సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటు. అసలు పని ఏజెన్సీ తరఫున కల్నల్‌కి కాపలా. ఇరవై రెండేళ్ళకే, పొరుగు దేశంతో జరిగిన ఒగాడెన్ యుద్ధంలో పతకం గెలిచిన ఫిరంగి దళాధికారి ఆయన. 1988లో సొంత దేశపు నగరం హర్గేసా మీదే పేల్చమన్నారు. పేల్చాడు. ఆ గుండ్లు అమ్మిన విదేశీ ముఠా నాయకుడు ఇవాళ కోర్టులో ముద్దాయి. బేరం కళ్ళారా చూసినవాళ్ళలో కల్నల్ ఒక్కడే మిగిలాడు.

కింద పిల్లలు స్కూల్ బస్ కోసం నిలబడితే ఆయన పరదా లాగేస్తాడు.

"ఇంకా ఉన్నారా?"

"బస్ వెళ్ళిపోయింది సర్."

"మరి ఆ నిలబడ్డవాళ్ళెవరు?"

సైలస్‌కి ఆయన మీద అసహ్యం, జాలి ఒక్కసారే కలిగేవి. ఏది ముందో తేల్చుకోలేక సతమతమయ్యేవాడు.

నర్సు షారన్ టిఫిన్ పెట్టింది. సినిమాల్లో ఉండాల్సినంత అందగత్తె. ముఠాలో చేరి ఏజెన్సీకి కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్. ఎడిసన్ తెలుగు చర్చిలో పాటలు పాడుతుంది. ప్లేటులో అంజీరో అనే సోమాలీ అట్టు, మన దోశకి దగ్గర చుట్టం.

సైలస్ కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టాడు. "ప్రభువా, ఈ ఆహారాన్ని..."

ఎందుకో కళ్ళు తెరిచాడు. షారన్ చున్నీ భుజం మీదే ఉంది!

మూడు వారాల్లో ఏ ప్రార్థనకీ ఆమె తల మీద ముసుగు మానలేదు. చిన్నప్పటి అలవాటు, చెయ్యి దానంతటదే లేస్తుంది. ఇవాళ చేతులు ఖాళీ లేవు. ఒకటి కల్నల్ చొక్కా చెయ్యి పైకి జరుపుతోంది. రెండో దాంట్లో, ప్రార్థన అయ్యాక గానీ తియ్యని ఇన్సులిన్ పెన్.

సైలస్ టేబుల్ మీదుగా దూకి ఆమె మణికట్టు మెలిపెట్టాడు. సూది కల్నల్ చర్మానికి వెంట్రుకవాసిలో ఆగింది. పెన్ కిందపడింది.

"పాయిజనా?"

"అవును." షారన్ ఏడుస్తోంది. "రాత్రి వీడియో పంపారండీ. హర్గేసా. శిథిలాల్లో పిల్లలు... ఇలాంటోడి కోసమా మనం ప్రార్థన చేసేది?"

"పంపిందెవరు? ఆ గుండ్లు అమ్మినవాళ్ళేగా!"

ఆమె కూలబడిపోయింది. ఆ తెలుగులో కల్నల్‌కి అర్థమైంది హర్గేసా ఒక్కటే. అది చాలింది. చొక్కా చెయ్యి దించుకుని, గుండీ పెట్టుకుని, ఇంగ్లీషులో మెల్లగా అన్నాడు.

"నన్ను చంపే హక్కున్న హర్గేసావాళ్ళు చాలామంది, తల్లీ. ఇవాళ కోర్టుకి వస్తున్నారు. నువ్వు క్యూ తప్పి ముందుకొచ్చావు."