చీటీ రాని వీధి

"మళ్ళీ ఊడిపడ్డారా ప్రశ్నలబాబూ! పోయినసారి చెప్పిన జవాబులు పారేసుకున్నారా?"

తలుపు తీసిన ఆమె చంకలో అక్క కొడుకు, భుజం మీద వాడు కక్కిన పాలు, కళ్ళల్లో కొంటెతనం. విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన సర్వే కుర్రాడు గుమ్మంలోనే ట్యాబ్ తెరిచాడు.

"వారానికి ఎన్ని గంటలు పిల్లాణ్ణి చూసుకుంటారు?"

"చూసుకోని గంటలెన్నో అడగండి. చప్పున తేలిపోతుంది."

ఆరు నెలలకోసారి సర్వే. మిగతా ఇళ్ళకు పది నిమిషాలు, ఈ ఇంటికి గంట. ఎప్పుడు వచ్చినా ఆమె ఇంట్లోనే ఉండేది. అది తన అదృష్టం అనుకున్నాడు వెర్రిబాగులవాడు. ఇదే ఆఖరి సర్వే. ఇవాళ మనసులో మాట చెప్పకపోతే, ఇక ఈ గుమ్మం ఎక్కడానికి వంక కూడా ఉండదు.

వాన అందుకుంది. ఆమె కుర్చీ లోపలికి లాగి టీ ఇచ్చింది.

"ఒకటి చెప్పండి. మీ కేంద్రం వాళ్ళు పక్క వీధికి పగలు పిల్లల్ని చూసుకునే క్రెష్ ఇచ్చారు. మాకెందుకు ఇవ్వలేదు? మేమేం పాపం చేశాం?"

పైవాళ్ళ మీదికి నెట్టేయొచ్చు. కానీ ఆమె ముందు అబద్ధానికి నోరు రాలేదు.

"క్రెష్ వల్ల లాభముందో లేదో తెలియాలంటే, అది లేని వీధులు కూడా ఉండాలి కదండీ, పోల్చి చూడ్డానికి. నలభై వీధుల పేర్లు రాసి, ఇరవై చీటీలు తీశాం. వచ్చిన వీధులకే క్రెష్."

"తీసిందెవరు?"

"నేనే."

పిల్లవాడు ఆమె జడ లాగుతున్నాడు. ఆమె విడిపించుకోలేదు.

"అక్క పనికి వెళ్ళకపోతే ఇల్లు గడవదు. వీణ్ణి చూసుకోవడానికే నేను నర్సింగ్ సగంలో మానేశాను. మీకు చెప్పాను కూడా."

"రాసుకున్నాను," అన్నాడు. ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. గుక్క తిప్పుకోకుండా మిగతాది కూడా చెప్పేశాడు. "మీరంటే నాకు ప్రాణం. పెళ్ళి చేసుకుందాం."

ఆమె నవ్వలేదు, కసరలేదు. పాత క్యాలెండర్ కాగితం చింపి, ఒక ముక్క మీద 'ఔను', ఇంకోదాని మీద 'కాదు' రాసింది. రెండూ మడిచి, కలిపి, టీ గ్లాసు పక్కన పడేసింది.

"తీయండి. అలవాటున్న చెయ్యే కదా."

"ఇదేమిటండీ! జీవితాన్ని చీటీతో తేలుస్తారా ఎవరైనా?"

"నాది అలాగే తేల్చారుగా."

అతని చెయ్యి ముందుకు రాలేదు. ఆమె పిల్లవాణ్ణి రెండో చంకలోకి మార్చుకుంది.

"వానలో తడవకుండా వెళ్ళండి," అని, అతను గుమ్మం దాటాక తలుపు దగ్గరగా వేసింది.