ప్రింటరుకు రాహుకాలం

"మీ వేళ్ళకు కళ్ళుంటే ఎంత బావుండేదండీ!"

కోటిరత్నం కార్డుల మిషను మీదనుంచి తలెత్తింది. ఎదురుగా బసవేశ్వరరావు. చేతిలో కార్డుల కట్ట, మొహాన చిరాకు.

"ఏంటండీ?"

"ప్రోగ్రాం మళ్ళీ బిగుసుకుపోయింది. ఏదో కార్డులో కన్నం తప్పు కొట్టుంటారు."

"ఏ కార్డో చూపించండి."

"అది తెలిస్తే ఇక్కడికెందుకొస్తానండీ?"

"తెలీకుండానే తిట్టిపోదామని వచ్చారన్నమాట. మా కన్నాలు సరిగ్గానే ఉన్నాయండి. మీ చొక్కా గుండీలే ఒక కన్నం తప్పాయి."

పక్క మిషను మీదున్న రిబ్కా కిసుక్కున నవ్వింది. బసవేశ్వరరావు చొక్కా చూసుకుని, చెవులదాకా ఎర్రబడి, వచ్చినంత వేగంగానూ వెళ్ళిపోయాడు. వెళ్ళినవాడు గంటసేపు కార్డులన్నీ తిరగేసి మళ్ళీ వచ్చాడు. ఈసారి గుండీలు సరిగ్గా ఉన్నాయి.

"మీ తప్పేం లేదండి. ఏమీ అనుకోకండి" అన్నాడు తల వంచుకుని.

ఆ మాటకి కోటిరత్నం పొంగిపోవాలి. పొంగలేదు సరిగదా, ప్రాణం చివుక్కుమంది. ఎందుకంటే ఆ పిల్ల దగ్గర ఒక రహస్యం ఉంది మరి.

డెబ్బై నాలుగో సంవత్సరం. బాపట్లలో మట్టి పరీక్షల కేంద్రం వాళ్ళకి ఢిల్లీ నుంచి ఒక కంప్యూటర్ వచ్చింది. దానికేం చెప్పాలన్నా అట్టకార్డుల్లో కన్నాలు కొట్టి చెప్పాలి. రైతులు పొలంలో మట్టి మూటగట్టి తెచ్చిస్తే, ఏ చేనికి ఎంత ఎరువెయ్యాలో లెక్కగట్టి చీటీ అచ్చుకొట్టి ఇవ్వాలి. కంప్యూటరుకి అద్దాల గది, ఎ.సి. చల్లదనం, రాజభోగం! ప్రింటరు మోత భరించలేక దాన్ని మాత్రం అవతల గదిలో పెట్టారు, కోటిరత్నం బల్ల పక్కన. కాగితం మార్చడం, చీటీలు చింపడం ఆమె పనే.

నడిపించేది బసవేశ్వరరావు. రేపల్లె దగ్గర నగరం అనే ఊళ్ళో రైతుబిడ్డ. తెనాలిలో బి.ఎస్సీ. చదివి, మద్రాసులో ట్రైనింగయి వచ్చాడు. ఉద్యోగం ఇంకా టెంపరరీయే.

"పెళ్ళిపందిట్లో వడ్డన ముందు జరుగుతూంటుంది, వెనక దొడ్లో గాడిపొయ్యి మండుతూనే ఉంటుంది. ఇదీ అంతేనండి" అని చెప్పాడు మొదటిరోజు కోటిరత్నానికి. "ముందు పెద్ద ప్రోగ్రాం లెక్కలు చేస్తుంది. వెనకాల చిన్న ప్రోగ్రాం ఎవరికీ కనబడకుండా చీటీలు కొట్టిస్తుంది. ఆ చిన్నది నేను రాసిందే. నా మొదటి ప్రోగ్రాం. దిష్టి తగలకుండా చూసే పూచీ మీది!"

సరదాకన్నాడు. అని, నవ్వాడు. ఆ నవ్వే కొంప ముంచింది. ఆ పిల్ల ఆ మాటని నిజంగానే నెత్తిన పెట్టుకుంది.

కోటిరత్నం వాళ్ళది చీరాల దగ్గర రామాపురం. తండ్రి ముత్యాలరావుకి రెండు పడవలున్నాయి. రాహుకాలంలో ఆయన పడవని నీళ్ళలోకి తొయ్యడు. కలెక్టరొచ్చి తొయ్యమన్నా తొయ్యడు. ఆ ఇంట పుట్టి, టైపు పాసై, బాపట్లలో పెద్దమ్మగారింట్లో ఉండి ఉద్యోగం చేస్తున్న పిల్లకి, మనసుపడ్డ మనిషి మొదటి ప్రోగ్రాం రాహుకాలంలో నడుస్తూంటే చేతులు ముడుచుకుని కూర్చోవడం ఎలా సాధ్యం?

అందుకని రాహుకాలం రాగానే, కాగితం సర్దుతున్నట్టు ప్రింటరు మీద ఎర్ర మీట నొక్కేసేది. రాహుకాలం వెళ్ళాక ఆకుపచ్చ మీట నొక్కేది. తీరా నొక్కితే ప్రింటరు కదిలేది కాదు. అద్దాల గదిలో బసవేశ్వరరావు జుట్టు పీక్కుంటూ కనిపించేవాడు.

'నేను బయట ఆపినా లోపల రాహువు పట్టేస్తున్నాడు, పాపిష్టివాడు!' అనుకునేది కోటిరత్నం. అని, మర్నాడు మరి కాస్త ముందుగా ఆపేది!

హైదరాబాదు నుంచి ఇంజనీరు వచ్చాడు. వచ్చింది సోమవారం. సోమవారం రాహుకాలం ఆఫీసు తలుపులు తియ్యకముందే వెళ్ళిపోతుంది. ప్రోగ్రాం రోజంతా గలగలా నడిచింది. ఇంజనీరు కాఫీ తాగి, "మిషనుకేం రోగం లేదు, మీవాడికే ఏదో ఉంది" అని సూపర్నెంటు వెంకటకృష్ణయ్యగారితో చెప్పి రైలెక్కేశాడు. అందరి ముందూ ఆ మాట పడ్డ బసవేశ్వరరావు మధ్యాహ్నం క్యారియరు కూడా విప్పలేదు.

శనివారం టీ దగ్గర మాటల్లో పడ్డారు. బయట ముసురు. రిబ్కా బజ్జీల పొట్లం విప్పింది.

"అసలు దీని వరస చూడండి" అన్నాడు బసవేశ్వరరావు. "శుక్రవారం భోజనాల ముందాగుతుంది. గురువారం భోజనాలయ్యాక. మంగళవారం టీ వేళ. సోమవారం మాత్రం ఆగనే ఆగదు. ఏ పుస్తకంలోనూ లేదిది."

"మా ఎదురింటి మామ్మగారి పంచాంగంలో ఉంటుంది. అచ్చం రాహుకాలమే!" అంది రిబ్కా పకపకా నవ్వుతూ.

"బాగుంది! మా అమ్మ ఇలాగే అంటూంటే పంచాంగం తీసి అటకమీద పడేశాను. కంప్యూటరుకి రాహుకాలమేంటండీ?" అని కోటిరత్నం వైపు తిరిగాడు. "ఇంకో తమాషా చూశారా? మీరు శెలవు పెట్టిన బుధవారం ఒక్కసారైనా ఆగలేదు. మీరు లేకపోతే దానికి ఉత్సాహం కాబోలు!"

కోటిరత్నం చేతిలో టీ గ్లాసు నోటిదాకా వెళ్ళి ఆగిపోయింది.

తను లేని బుధవారం రాహుకాలం రాలేదా? వచ్చింది. ప్రోగ్రాం ఆగిందా? ఆగలేదు. ఆపుతున్నది రాహువు కాదు. తనే!

సిగ్గుతో ఒళ్ళంతా కుంచించుకుపోయింది. ఎవరిని కాపాడాలని ఇంత చేసిందో, అతన్నే నలుగురిలో తలెత్తుకోకుండా చేసింది. గ్లాసు అక్కడే పెట్టేసి, తలనొప్పని చెప్పి, గొడుగైనా తీసుకోకుండా వానలోకి వెళ్ళిపోయింది.

"నేనేమైనా తప్పు మాట్లాడానా?" అన్నాడు బసవేశ్వరరావు కంగారుగా.

"మీరెప్పుడు ఒప్పు మాట్లాడారు కనక!" అంది రిబ్కా.

ఆ రాత్రి కోటిరత్నం చెప్పెయ్యాలనుకుంది. సోమవారం ఆఫీసుకొచ్చేసరికి నోరు రాలేదు. ఏమని చెబుతుంది? 'మీ ప్రోగ్రాం పీక నొక్కింది నేనేనండి' అనా? ఎందుకు నొక్కావంటే ఏం చెబుతుంది? దానికన్నా ఇకనుంచి ఎర్ర మీట ముట్టుకోకపోతే సరి. ఎవరికీ తెలీదు, పరువూ దక్కుతుంది.

ముట్టుకోలేదు. మంగళవారం ఆగలేదు, బుధవారం ఆగలేదు, గురువారమూ ఆగలేదు. ప్రింటరు టకటకా చీటీలు కక్కుతూంటే వెంకటకృష్ణయ్యగారు ఆఫీసంతటికీ లడ్డూలు తెప్పించారు. బసవేశ్వరరావు మాత్రం మొహం వేలాడేసుకుని తిరిగాడు.

"ఇంకా ఏంటండీ దిగులు? నడుస్తోందిగా" అంది కోటిరత్నం, అతని కళ్ళలోకి చూడలేక కిటికీలోకి చూస్తూ.

"ఎందుకు ఆగిందో తెలీదు, ఎందుకు నడుస్తోందో తెలీదు. రేపు నాట్ల అదనులో ఆగితే? రైతులు నమ్ముకుని కూర్చుంటారు. నాకీ పని చాతకాదేమోనండి. రేపు డైరెక్టరుగారొస్తున్నారుగా, ఆ మాటే చెప్పేస్తాను."

ఆ మాట ఈటెలా దిగింది. లడ్డూ తిన్న నోరు చేదయిపోయింది కోటిరత్నానికి.

రేపంటే శుక్రవారం. భోజనాల ముందే దిగారు డైరెక్టరుగారు. భారీ మనిషి, నవ్వని మూతి. ప్రింటరు చుట్టూ ఒకసారి తిరిగి, "బాగయిందన్నారు. ఏంటి లోపం?" అన్నారు.

బసవేశ్వరరావు చేతులు నలుపుకున్నాడు. "తెలీదండి."

"తెలీకుండా ఎలా బాగుచేశావయ్యా?"

"నేను చెయ్యలేదండి. దానంతటదే బాగయింది."

"దానంతటదే! చూడండి వెంకటకృష్ణయ్యగారూ, కారణం తెలీని మనిషి చేతిలో ఇంత మిషను పెట్టలేం. దీన్ని హైదరాబాదు పంపించెయ్యండి. ఇతనికి ఈ నెలాఖరుతో సరి."

బసవేశ్వరరావు తప్పంతా తనదేనన్నట్టు తల ఊపాడు. ఆ ఊపు చూశాక కోటిరత్నం ఇక కూర్చోలేకపోయింది.

"నేనేనండి" అంది, లేచి నిలబడి.

"నువ్వేంటమ్మా?"

"ఆపింది నేనేనండి. రోజూ నేనే ఎర్ర మీట నొక్కానండి."

వెంకటకృష్ణయ్యగారి కళ్ళజోడు ముక్కు కొసకి జారింది. "ఎందుకమ్మాయ్?"

"రాహుకాలమనండి."

ఎవరో ఫక్కుమన్నారు. ఆ వెంటనే గదంతా గొల్లుమంది. నవ్వని డైరెక్టరుగారి మూతి కూడా వణికింది. "ఓహో! ఆఫీసులో ఫ్యానుకీ టైపు మిషనుకీ లేని రాహుకాలం ఈ ప్రింటరుకే వచ్చిందా? దీన్నెందుకు ఆపావు?"

"ఆయన మొదటి ప్రోగ్రాం కదండీ..."

నోరు జారాక గాని ఏమన్నదో ఆ పిల్లకే తెలీలేదు. నవ్వులు టక్కున ఆగాయి. రిబ్కా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బసవేశ్వరరావు కళ్ళు పత్తికాయల్లా విచ్చుకున్నాయి. కోటిరత్నానికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. కన్నీళ్ళు జలజలా రాలాయి.

అప్పుడు ఒకడుగు ముందుకేశాడు బసవేశ్వరరావు.

"సార్, ఈమెనేమీ అనకండి. తప్పు నాదే. కాగితం మార్చేటంత సేపు ఆపితే నా ప్రోగ్రాం తట్టుకుంటుంది. అంతకు మించితే ప్రింటరు జవాబు కోసం చూసి చూసి బిగుసుకుపోతుంది. ఆగమంటే ఆగి, రమ్మంటే రావడం నేను దానికి నేర్పలేదు. కాగితం చిక్కుకున్నా ఇదే గతి పట్టేది. సాయంత్రం దాకా టైమివ్వండి."

"ఇవ్వకపోతే?"

"ఇవ్వకపోయినా సరిచేసే వెళ్తానండి."

డైరెక్టరుగారు ఆ మనిషిని ఎగాదిగా చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

ఆ మధ్యాహ్నం అతను కాగితం మీద రాసిచ్చాడు, ఆమె ముక్కు ఎగబీలుస్తూ కార్డులు కొట్టింది. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే ఒట్టు. సాయంత్రం డైరెక్టరుగారే స్వయంగా ఎర్ర మీట నొక్కి, తీరిగ్గా కాఫీ తాగి, ఊరి సంగతులన్నీ అడిగి, అప్పుడు ఆకుపచ్చ మీట నొక్కారు. ప్రింటరు ఒక్క క్షణం ఆలోచించింది. ఆ తరవాత, ఆగిన చోటునుంచి టకటకటకా అందుకుంది!

"నెలాఖరు మాట మరిచిపోవయ్యా" అన్నారు డైరెక్టరుగారు.

బసవేశ్వరరావు ఆనందంగా వెనక్కి తిరిగి చూశాడు. కోటిరత్నం కుర్చీ ఖాళీగా ఉంది.

రామాపురం వెళ్ళిపోయింది ఆ పిల్ల. శనివారం ఆఫీసుకి పోలేదు. ఇకమీదట ఏ మొహం పెట్టుకుని పోతుంది? ప్రోగ్రాం ఆపిన సిగ్గు ఒకటి, పదిమందిలో మనసు బయటపడ్డ సిగ్గు ఒకటి. ఇంట్లో ఏమీ చెప్పకుండా మూల గదిలో గోడవైపు తిరిగి పడుకుంది.

ఆదివారం పొద్దు వాలుతుండగా ముత్యాలరావు ఇంట్లోకి వచ్చాడు.

"అమ్మాయ్, మన పడవ నీడన ఎవరో పెద్దావిడా, ఒక కుర్రాడూ ఇసకలో చతికిలబడి కూర్చున్నారు. ఎవరు కావాలి బాబూ అంటే, మీరేనండి అంటాడు. రండి లోపలికంటే రాడు. కాసేపాగి వస్తానంటాడు. నీకేమైనా తెలుసా?"

కోటిరత్నం దిగ్గున లేచింది. తడిక సందులోంచి చూసింది. బసవేశ్వరరావే! ఇస్త్రీ చొక్కా నిండా ఇసక. పక్కన వాళ్ళమ్మ మాణిక్యమ్మగారు, ఒళ్ళో పళ్ళబుట్టతో.

జుట్టు సవరించుకుని, మంచినీళ్ళ చెంబు పట్టుకుని, తలెత్తకుండా వెళ్ళింది. తండ్రి వెనకే వచ్చాడు.

"ఎండలో ఇక్కడెందుకు కూర్చున్నారండీ?" అంది.

"రాహుకాలం కదండీ. దాన్ని వెళ్ళనివ్వండి. మీ నాన్నగారినొక మాట అడగాలి."

"మీకు వాటిమీద నమ్మకం లేదుగా!"

"లేదండి. మీకుందిగా."

ఆ మాటతో, వారం రోజులుగా మోస్తున్న సిగ్గంతా కరిగి కళ్ళలోకి వచ్చేసింది కోటిరత్నానికి. చెంబు కింద పెట్టి, తనూ పడవ అంచున కూర్చుంది.

ముత్యాలరావుకి సంగతి మెల్లిగా బోధపడింది. గడ్డం గోక్కున్నాడు. "అమ్మా, మీరు పొలాలున్నవాళ్ళు. మేం వలలు లాగేవాళ్ళం. బాగా ఆలోచించుకున్నారా?"

"రెండ్రోజులు ఏడిచాను కూడా అన్నయ్యగారూ, దాపరికమెందుకు!" అంది మాణిక్యమ్మ. "కానీ వీడు పుట్టి బుద్ధెరిగాక ఒకరి మాటకి ఆగిన మనిషి కాదు. నా పంచాంగం అటకెక్కించిన వాణ్ణి ఇంతసేపు ఇసకలో కూర్చోబెట్టింది మీ పిల్ల. ఇంకేం చూడమంటారు నన్ను?"

ముత్యాలరావు గట్టిగా నవ్వేశాడు. తాటితోపు వెనక్కి దిగుతున్న పొద్దు చూశాడు. గడియారం అక్కర్లేని మనిషి ఆయన.

"వెళ్ళిపోయింది బాబూ రాహుకాలం. ఇక అడుగు."

బసవేశ్వరరావు లేచి నిలబడ్డాడు. ఇసక దులుపుకున్నాడు. నోరు తెరిచాడు. మాట రాలేదు. ఎదర మామగారు, పక్కన తల్లి, చుట్టూ వలలు సర్దుకుంటున్న జనం. దారిపొడుగునా వల్లెవేసుకొచ్చిందంతా గొంతులో బిగుసుకుపోయింది.

"ఏంటయ్యా, ఆగిపోయావు?" అన్నాడు ముత్యాలరావు.

కోటిరత్నం అప్పుడు తలెత్తింది. ఆనాటి టీ తరవాత మొదటిసారిగా అతని కళ్ళలోకి నేరుగా చూసింది. చూసి, వేలి చివరతో అతని మోచెయ్యి మీద మెల్లిగా ఒక్క నొక్కు నొక్కింది.

"మీ అమ్మాయినివ్వండి!" అన్నాడతను, ఊరంతా వినబడేట్టు.